అయిందా అని అడగకూడదు

అయిందా అని అడగకూడదు. పెనం పొంగు మీద ఉన్నంతసేపూ ఆ ఒక్క మాట ఎవరి నోటినుంచీ రాకూడదు, వస్తే పాకం చెడుతుందని మా వైపు నమ్మకం. నమ్మకం అంటే చిన్నమాట అయిపోతుంది, అది చట్టం, హెల్మెట్ చట్టంలాంటిది కాదు, జనం నిజంగా పాటించే చట్టం. తిరుపతిలో యూనివర్సిటీ పిల్లలకు సమాజశాస్త్రం చెప్పేదాన్ని, మూఢనమ్మకాల మీద మైకు దొరికితే గంటసేపు వదలనిదాన్ని, పెనుమూరు దారిలో ఈ బెల్లం గానుగ పక్కన పెదవులు బిగించుకుని నిలబడి ఉన్నాను. అడిగితే ఏమవుతుంది, ఏమీ కాదు, రసానికి చెవులున్నాయా, అయినా అడగను. పెనంలో చెరకు రసం ఉడుకుతోంది. పెనం కింద యూనివర్సిటీవాళ్లం మేము ముగ్గురం కలిసి కట్టించిన కొత్త పొయ్యి. పొయ్యి వెనక గుంతలో కూర్చుని ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తున్నది మా అమ్మ ఆనందమ్మ. పొయ్యి గోడకు ఆనించి ఒక గడ్డపార ఉంది. గానుగ యజమాని దొరస్వామి నాయుడు పొద్దున్నే తన చేత్తోనే దాన్ని తెచ్చి అక్కడ పెట్టాడు. "ఈ పెనం గూడా పోయిందంటే పొయ్యి పగలగొట్టేస్తా పాపా. నువ్వు బాధపడాకు, నన్ను బాధపెట్టాకు" అన్నాడు. కొత్త పొయ్యి పగిలితే పాత పొయ్యి మళ్లీ లేస్తుంది, మా అమ్మ మళ్లీ ఆ పొగలోకే దిగుతుంది. దిగొద్దంటే వినే మనిషి కాదు.

పొగ. ఈ రోజు అది లేనే లేదు, చిమ్నీ కొసన గాలి సన్నగా వణకడం తప్ప ఇంకేమీ కనిపించదు. కళ్లు మండకుండా బెల్లం గానుగ దగ్గర నిలబడడం నాకే ఏదోలా ఉంది, సొంత ఇంటికి వచ్చి తలుపు పోల్చుకోలేకపోయినట్టు. చిన్నప్పుడు బెల్లం కాలం వచ్చిందంటే మా ఇంట్లో అన్నిటికీ ఆ పొగ వాసనే, అమ్మ చీరకు, నా పుస్తకాల సంచికి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరకు కూడా. బళ్లో స్టెల్లా టీచరు నన్ను ముద్దుగా బెల్లం పాపా అనేది, ఇది బెల్లం వాసన కాదు టీచర్ అని మనసులో అనుకునేదాన్ని, పైకి అంటే ఆ పిలుపు పోతుందని అనలేదు. బడి వదిలాక వచ్చి గుంత అంచున కూర్చుంటే అమ్మ కిందనుంచి నన్ను చూసి ఏదో ఒకటి అని నవ్వేది. అమ్మ నవ్వు మొదలు మహా గొప్పగా ఉంటుంది, ముందు ముక్కుపుటాలు, తర్వాత భుజాలు, ఆ తర్వాత గొంతు, సరిగ్గా గొంతు దగ్గరికి వచ్చేసరికి దగ్గు అందుకునేది. దగ్గి దగ్గి కళ్లు తుడుచుకునేసరికి ఎందుకు నవ్విందో మరిచిపోయేది. పెళ్లయిన కొత్తలో మీయమ్మ నవ్వితే వీధి చివరి దాకా వినపడేదే అమలా అని నాయన చెప్పేవాడు. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి మా నాయన రాజారత్నం, గొంతుల గురించి ఆయనకు తెలియాలి, అయినా నేను నమ్మలేదు. ఇప్పుడు గట్టిగా అడుగుదామంటే నాయన లేడు. ఈ వయసుకీ మా అమ్మ నవ్వు చివర ఎట్లా ఉంటుందో నేను వినలేదు.

దొరస్వామి మడ్డి తీస్తున్నాడు. బెండకాడల జిగురు పోశాక పైకి తేలే ఆ నల్లటి నురగను పొడుగు గరిటెతో అంచుకు లాగి, ఎత్తి, పక్క తొట్టిలో వేస్తున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. ముఖంలో ఏమీ లేదు. ఈయన ముఖం చూసి వాన వస్తుందో రాదో కూడా చెప్పలేం. ఆయన పక్కన మా మునికుమార్, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, పొయ్యి గీసిందీ కట్టించిందీ అతనే, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని చలి వేస్తున్నవాడిలా నిలబడ్డాడు, పొయ్యి ముందు చలేమిటి. సూళ్లూరుపేట వాడు. పుట్టినప్పటినుంచీ రాకెట్లు పైకి పోవడం డాబా మీదనుంచి చూసినవాడు కాబట్టి ఈ టెన్షన్లు తనకు లెక్కలేదని నిన్నటిదాకా కోతలు కోశాడు. "మా ఊరి పక్కన రాకెట్టే పొగ వదుల్తాది మేడం, నా పొయ్యి వదలదు" అని కారులో అన్నాడు. ఆలు లేదు చూలు లేదు అని నేను మొదలుపెడితే సోమలింగం అని రూపశ్రీ పూర్తి చేసింది. రూపశ్రీ మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం చూసే డాక్టరు. మూడు డిపార్టుమెంట్లు కలిసి ఒక చోట టీ తాగడమే మా యూనివర్సిటీలో వింత, మేం ఏకంగా పొయ్యి కట్టాం.

మొదలుపెట్టింది రూపశ్రీయే. బెల్లం గానుగల దగ్గర పొయ్యి ఎగదోసే ఆడవాళ్ల ఊపిరి కొలవాలని ఒక గొట్టం ఉన్న యంత్రం పట్టుకుని ఊరూరూ తిరిగేది, యాసకూ మాటసాయానికీ నన్ను వెంటేసుకుని పోయేది. మా ఊరికి వచ్చినప్పుడు అమ్మ కూడా వరుసలో కూర్చుంది. "దీంట్లోకి ఊదమ్మా, గట్టిగా" అంటే అమ్మ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊదుగొట్టమే గదా ఇది, దీనికింత సోకేంటికి" అంది. అందరూ నవ్వారు, అమ్మా నవ్వింది, దగ్గు వచ్చింది. తిరిగి పోయేటప్పుడు జీపులో రూపశ్రీ ఆ యంత్రం ఇచ్చిన అంకెలనే మళ్లీ మళ్లీ చూసుకుంది. చివరికి, "మీ అమ్మ బీడీ కూడా ముట్టని మనిషి కదా అమలా, ఊపిరి చూస్తే జీవితమంతా చుట్ట కాల్చినట్టు ఉంది" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు అన్నీ కోపం రూపంలోనే వస్తాయి. ఎవరి మీద కోపం, దొరస్వామి మీదా, ఆయన తాత కట్టిన పొయ్యి మీదా, ఆ పొయ్యిమీద వచ్చిన కూలితో చదివి, ఇన్నేళ్లు సెమినార్లలో పేపర్లు చదువుతూ తిరిగిన నా మీదా, తెలియదు. మర్నాడు పొద్దున్నే ఆ కోపాన్ని ఎత్తుకుపోయి ఇంజనీరింగ్ కాలేజీలో మునికుమార్ బల్ల మీద పెట్టాను.

పొంగు లేచింది. బంగారు నురగ పెనం అంచుల దాకా ఎగిరి, ఇక దూకుతుందనగా దొరస్వామి గరిటె తిప్పి దించాడు. చింతమాను కింద కూర్చున్న చుట్టుపక్కల గానుగలవాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లు చూడ్డానికి వచ్చింది మా విజయమో మా పరువు పోవడమో వాళ్లకే తెలియాలి, రెంటిలో ఏది జరిగినా సాయంత్రానికి మాట్లాడుకోవడానికి ఉంటుంది. బాగుంటే అందరూ ఇలాంటిదే కట్టించుకుంటామన్నారు. అంటే ఆ గుంతల్లో ఉన్న ఆడవాళ్లందరూ, మా అమ్మ ఒక్కతే కాదు. ఢిల్లీబాబు అనే ఆయన, ఈ ఊళ్లో గానుగ ఉన్నవాళ్లలో నోరు ఎక్కువున్న మనిషి, నోరు తెరిచాడు. మాట 'అయిం' దాకా వచ్చింది. పక్కనున్న నలుగురు తిరిగి చూసేసరికి ఆవులింతగా మార్చుకుని మూసుకున్నాడు.

పోయిన ఏడాది ఇదే ఢిల్లీబాబు మాకు పేరు పెట్టాడు. సదువుకున్నోళ్ల బెల్లం. మొదటిసారి ఈ పొయ్యి వెలిగించిన రోజు మాకు పొగ లేకపోవడమే పండగ, ఫోటోలు తీసుకున్నాం, రూపశ్రీ గుంతలోకి దిగి అమ్మ పక్కన కూర్చుని హాయిగా గాలి పీల్చి చూపించింది. పైన పెనం సంగతి ఎవరికీ పట్టలేదు. చూస్తుండగా రసం ఎర్రబడింది, ఎర్రబడింది అనుకునేలోగా నల్లబడింది, మాడు వాసన రోడ్డు దాకా కొట్టింది. దొరస్వామి అరిచిన అరుపులు ఇప్పుడు తలుచుకోను. సారాకు పనికొస్తాదిలే అని ఢిల్లీబాబు ఓదార్చాడు. దొరస్వామి కిందికి చూసి, "ఏమ్మే ఆనందమ్మా, నిద్రపోతివా నువ్వు?" అన్నాడు. అమ్మ తన చేతుల్లో పిప్పి అట్లాగే పట్టుకుని తలెత్తి చిమ్నీ వంక చూస్తూ ఉండిపోయింది, దాన్ని ఏదో అడుగుతున్నట్టు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. మునికుమార్ గాలి రంధ్రాలది తప్పన్నాడు, ఇటుకలది తప్పన్నాడు, నెలల తరబడి లెక్కలు తిరగేశాడు, ఎక్కడా తప్పు దొరకలేదు. పొయ్యి బాగానే ఉంది, బెల్లం మాత్రం మాడింది.

తప్పు మా వంటింట్లో దొరికింది. తిరుపతిలో నా దగ్గరికి వచ్చి రెండు రోజులున్న అమ్మను గ్యాస్ పొయ్యి మీద అన్నం చూడమని నేను స్నానానికి పోయాను. వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన, అదే వాసన. "మంట అంత పెద్దది ఎందుకు పెట్టినావమా?" అని అరిచాను. "పెద్దదా? నాకేం తెల్సు, పొగేమన్నా వొస్తా ఉండాదా ఈడ? పొగ సన్నంగా ఉంటే మంట తగ్గినట్టు గదా. అందుకే తిప్పినా" అంది, అంతా నాదే తప్పన్నట్టు. తడి జుట్టుతో అక్కడే నిలబడిపోయాను. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది. మా అమ్మకు జీవితం నేర్పింది ఇంకో పక్క, పొగ లేనిదే నిప్పు ఉండదు. గుంతలో కూర్చున్న మనిషికి పెనం కనపడదు, పొయ్యి లోపల ఎంత దూరం మండుతోందో కనపడదు, కనపడేది పైకి పోయే పొగ ఒక్కటే, దాని నలుపూ తెలుపూ చూసే ఇన్నేళ్లూ మంట నడిపింది. మేం ఆ పొగ తీసేశాం. మంట ఆరిపోతోందని ఆమె ఎగదోసింది, ఎగదోసిన కొద్దీ పొగ రాదు, ఇంకా ఎగదోసింది. తల తుడుచుకోకుండానే మునికుమార్‌కు ఫోన్ చేశాను, అబ్బా, పొయ్యికి కళ్లు పెట్టలేదు మనం అన్నాను. అతనికి అర్థమవడానికి కొంత టైము పట్టింది, అర్థమయ్యాక ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి పరుగెత్తాడు. అన్నం మాత్రం ఆ రోజు మాడుదే తిన్నాం, పారేయనివ్వలేదు అమ్మ.

ఆ కన్ను ఇప్పుడు గుంతలో అమ్మ ముఖానికి ఎదురుగా ఉంది. గోడలో చిన్న కిటికీ, ఇనప రెక్క, వేడికి పగలని అద్దం. దానికోసం అమ్మ వానాకాలమంతా వారానికోసారి బస్సెక్కి తిరుపతికి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ వెనక షెడ్డులో ఇలాంటి పొయ్యే ఇంకొకటి కట్టి, పెనంలో ఉత్త నీళ్లు పోసి, అమ్మను కూర్చోబెట్టి మంట అలవాటు చేసుకోమన్నాం. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు నీళ్లు కాచే ప్రొఫెసరమ్మ వచ్చిందని లేచి నిలబడేవాళ్లు, అమ్మ నిజంగానే ప్రొఫెసరులా తలాడించి పోయేది. మొదట్లో కళ్లు కిటికీ మీద ఉన్నా చెయ్యి పాత అలవాటునే పోయేది, మునికుమార్ మళ్లీ మళ్లీ ఆపేవాడు, వాళ్లిద్దరూ పోట్లాడుకునేవాళ్లు, నాకు అటు చెప్పాలో ఇటు చెప్పాలో తెలిసేది కాదు. అతను డిగ్రీల్లో చెబుతాడు, ఆమెకు డిగ్రీలు ఎందుకు. చివరికి ఇద్దరూ పూలమీద రాజీపడ్డారు. కనకాంబరం రంగు వస్తే మంట తక్కువైనట్టు, పిప్పి వేయాలి. తంగేడు పువ్వు రంగు ఉంటే సరి, చెయ్యి ఆపాలి. దానికన్నా తెల్లబడితే చేటు. మునికుమార్ తన నోట్సులో కూడా అవే పేర్లు రాసుకున్నాడు, రేపు ఏదో పత్రికలో వాటిని చూసి ఎవరైనా బుర్ర గోక్కుంటే గోక్కోనీ.

దొరస్వామి చెయ్యి వేగం మారింది. గరిటె తిప్పడం కాదిప్పుడు, లాగడం, రసం చిక్కబడింది, బుడగలు చిన్నవి పోయి పెద్దవి వస్తున్నాయి, ఒక్కోటీ లేచి టప్పుమని పగులుతోంది. ఇక్కడే అంతా ఉంది. ఇక్కడినుంచి పాకం దాకా దారి బహు ఇరుకు. మంట ఒక్క చెయ్యి ఎక్కువైతే నలుపు, తక్కువైతే గట్టిపడని ముద్ద.  దేవా అన్నానా, అన్నాననుకుంటా, పక్కన రూపశ్రీ గోవిందా అనడం వినపడింది. దొరస్వామి ఒక్కసారి తలెత్తాడు. పెనం వంక కాదు, చిమ్నీ వంక. అక్కడ ఏముంది, ఏమీ లేదు, ఖాళీ ఆకాశం. ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. ఆ చూపు నేను పోయిన ఏడాది అమ్మ ముఖంలో చూసిందే.

"మంట సచ్చిపోతా ఉండాది! ఎయ్యి మే, పిప్పి ఎయ్యి!" అని అరిచాడు.

నేను గుంత అంచుకు ఎప్పుడు పోయానో తెలియదు. కింద అమ్మ చేతిలో చారెడు పిప్పి ఉంది. ఆ గొంతు అరిస్తే మా అమ్మ చెయ్యి దానంతటదే కదులుతుంది, నేను పుట్టకముందునుంచీ కదులుతోంది, ఆమె అత్తది కూడా అట్లాగే కదిలేది. మునికుమార్ చంకల్లోంచి చేతులు తీసి తల పట్టుకున్నాడు. వద్దమా అని నేను అరవాలి. అరిస్తే ఆమె ఎవరి మాట వినాలి, నా మాటా ఆయన మాటా, ఎటు విన్నా అది ఆమె మాట కాదు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మ కిటికీలోకి చూసింది. ఆ అద్దం వెలుగు ఆమె ముఖం మీద పడి పసుపు రాసినట్టు ఉంది. పిప్పి పట్టుకున్న చెయ్యి పొయ్యి నోటి దాకా పోయింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చింది. పిప్పి పక్కన పడేసి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, తలెత్తి గట్టిగా అంది.

"మంట నిమ్మళంగా ఉండాది సామీ. తంగేడు పువ్వు మాదిరి ఉండాది. నేను సూస్తా ఉండాను గదా, నువ్వు నీ పెనం సూసుకో."

ఆ గుంతలోంచి పైకి అటువంటి మాట ఇంతవరకూ వచ్చి ఉండదు. చింతమాను కింద ఎవరికీ ఆవులింత కూడా రాలేదు. దొరస్వామి గరిటె ఆగింది, ఆగితే ప్రమాదం, మళ్లీ కదిలింది. ఏమనుకున్నాడో, ఏమీ అనుకోవడానికి టైము లేదేమో, వంగి పెనంలోకి చూశాడు. గరిటె కొసన పాకం తీసి పక్కనున్న చెంబు నీళ్లలో వేశాడు, వేలు పెట్టి కదిపాడు, రెండు వేళ్ల మధ్య దొర్లించాడు. అది ఉండ కట్టింది. చెంబుకేసి కొట్టాడు, టంగుమంది. ఇంకా ఏమీ అనడం లేదు ఈ మనిషి, నాకు ఈయన్ని పట్టుకుని ఊపేయాలని ఉంది, అడగకూడదు, అడగకూడదు, అడగను. ఆయన ఉండను నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. గడ్డపార వైపు ఒకసారి చూశాడు, చూసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"అయింది."

ఆ తర్వాత వరుస లేదు. మునికుమార్ ఎగిరాడు, నిజంగా నేల మీదినుంచి ఎగిరాడు, రాకెట్ ఊరివాడు కదా. రూపశ్రీ నన్ను కావిలించుకుని ఏదో అంటోంది, వినపడడం లేదు. నలుగురు పట్టి పెనం ఒంచారు, బెల్లం చెక్క తొట్టిలోకి దిగుతోంది, ఎంత రంగు, ఇంత రంగు ఈ ఊళ్లో నేను చూడలేదు, ఎండ ముద్ద కట్టి జారినట్టుంది. ఢిల్లీబాబు తొట్టి మీదికి వంగి, వాసన చూసి, వేలు పెట్టి నాకి, "సదువుకున్నోళ్ల బెల్లం బాగుండాదిబ్బా. నాకెప్పుడు కడతారు పొయ్యి?" అన్నాడు. గెలిచాం! ఈ మాట నేను యూనివర్సిటీ రిపోర్టులో రాయలేను, అక్కడ ఫలితాలు ఆశాజనకం అని రాయాలి. ఇక్కడ అంటాను, గెలిచాం, ఆ గడ్డపారతో రేపు ఢిల్లీబాబు పాత పొయ్యి పగలగొడతాం.

దొరస్వామి గుంత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏమ్మే, నాకే ఎదురు సెప్తివే నువ్వు" అన్నాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, పైకి రా. వొచ్చి సూడు" అన్నాడు. ఇన్నేళ్లలో అమ్మ ఉడికే పెనం గానీ దిగిన పాకం గానీ చూడలేదు. ఒక పాకం దిగేలోగా ఇంకో రసం పడుతుంది, పొయ్యి నోరు వదిలి ఎట్లా వస్తుంది అని ఆయన అంటాడు. ఇంకో కారణం కూడా ఉంది, కులం పేరున్న ఆ కారణం నా థీసిస్‌లో ఒక అధ్యాయం నిండా ఉంది, ఆయనకూ తెలుసు. అమ్మ మెట్లెక్కి వచ్చింది. తొట్టి పక్కన వంగి చూసింది. దొరస్వామి తన చేత్తోనే వేడి ముద్ద తుంచి చెరకు ఆకు మీద పెట్టి ఇచ్చాడు. అమ్మ ఊదుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు చప్పరించి, "ఓసి నీ యవ్వ, ఇంత తియ్యంగుంటాదా ఇది? ఇన్నాళ్లూ దీనికేనా ఏడిపించినావు నన్ను?" అంది. ఎవరిని అందో, బెల్లాన్నా, దొరస్వామినా, ఆయన తనను కాదన్నట్టు పక్కకు చూశాడు.

అని, నవ్వింది. ముందు ముక్కుపుటాలు. తర్వాత భుజాలు. నేను పళ్లు బిగించుకుని దగ్గు కోసం ఎదురు చూశాను. ఒక్క పొయ్యితో ఊపిరితిత్తులు బాగవుతాయా అని రూపశ్రీ అడుగుతుంది, కావు, నాకు తెలుసు, కానీ ఈ రోజు పొద్దున్నుంచీ మా అమ్మ లోపలికి పొగ పోలేదు. నవ్వు గొంతు దగ్గరికి వచ్చింది. దాటింది. దాటి పైకి లేచింది, లేచి గానుగ చప్పుడు మీదుగా చింతమాను దాకా, అవతల రోడ్డు దాకా పోయింది, ఎవరో సైకిలు ఆపి చూశారు. నాయన చెప్పింది నిజం, వీధి చివరి దాకా అన్నాడు, తక్కువే చెప్పాడు. నాకు ఈసారి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది, ఎవరు చూస్తే నాకేం.

"ఏమే, అట్ల సూస్తా ఉండావు?" అంది అమ్మ.

"ఏం లేదమా" అన్నాను. పెనం దిగిపోయింది, ఇప్పుడు అడగొచ్చు. "నవ్వడం అయిందా?"

"యాడ! ఇంగా ఉండాది" అని, అమ్మ మళ్లీ నవ్వింది.